సొంత దేశపు కోర్టా, ప్రాంతీయ కోర్టా?

ప్రభుత్వమే హక్కులు కాలరాస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆఫ్రికా ఖండపు దక్షిణ దేశాల ప్రజలు రెండు తలుపులూ తట్టి చూశారు.

మొదటిది సొంత దేశపు కోర్టు. తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ సోకకుండా ఆపే నెవిరపిన్ మందును దక్షిణాఫ్రికా ప్రభుత్వం కొన్ని ఆసుపత్రులకే పరిమితం చేసింది. హెచ్ఐవీ రోగుల హక్కుల కోసం పోరాడే ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే సంస్థ కోర్టుకెక్కింది. 2002లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ ఆంక్షను తీసేయమంది. ఆ కేసు వెనక రోగులు, వాళ్ల ఊరేగింపులు ఉన్నాయి. నా ఉద్దేశంలో అసలు బలం అదే. బోట్స్వానాలో శాన్ అనే ఆదివాసీ ప్రజలు 2006లో కలహారీ ఎడారిలోని తమ నేలకు తిరిగి వెళ్లే హక్కు గెలిచారు. కానీ అక్కడ బోరు నీటి హక్కు కోసం 2011 దాకా పోరాడాల్సి వచ్చింది. గుక్కెడు నీళ్ల కోసం అన్నేళ్లు!

రెండోది ప్రాంతీయ కోర్టు: దక్షిణ ఆఫ్రికా ప్రాంత దేశాల కూటమి ఎస్ఏడీసీ, నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో పెట్టుకున్న ట్రిబ్యునల్. జింబాబ్వే 2005లో రాజ్యాంగాన్ని సవరించి, భూమి స్వాధీనాన్ని దేశంలోని కోర్టుల్లో సవాలు చేసే దారి మూసేసింది. అలాంటప్పుడు బయటి కోర్టే దిక్కు. 2008లో ట్రిబ్యునల్ భూమి స్వాధీనాన్ని సవాలు చేసిన రైతుల పక్షాన తీర్పిచ్చింది. జింబాబ్వే దాన్ని ఖాతరు చేయలేదు. పైగా 2010లో సభ్యదేశాల అధినేతలు ట్రిబ్యునల్ పనినే ఆపేశారు. ట్రిబ్యునల్‌పై 2014లో చేసుకున్న కొత్త ఒప్పందంలో వ్యక్తులు కేసు వేసే వీలు తీసేశారు.

అందుకే ఇంటి కోర్టు తలుపు తెరిచి ఉంటే ముందు అక్కడికే వెళ్లాలంటాను. ఆ 2014 ఒప్పందంపై దక్షిణాఫ్రికా అధ్యక్షుడు సంతకం చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2018లో తేల్చింది కూడా ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానమే.