నడుములో నాలుగు స్క్రూలు, ఆరేళ్లు: ఒక జాకెట్లు కుట్టే మనిషి లెక్క

చిన్న కోతతో నడుం పూసల్ని స్క్రూలతో బిగించి అతికించే ఆపరేషన్‌కి ఎన్ని మార్కులు అని, అది అయిన పదిహేను రోజులకు ఎవరైనా అడిగి ఉంటే పదికి పది వేసేదాన్ని. ఆరు నెలలకు అడిగితే ఐదు కూడా వేసేదాన్ని కాదు. ఇప్పుడు ఆరేళ్లు అయింది కాబట్టి కుదురుగా చెప్పగలను. కాలి నొప్పి తగ్గించినందుకు తొమ్మిదిన్నర, నడుం నొప్పి తగ్గించినందుకు ఆరు. ఈ రెంటినీ కలిపి ఒకే మార్కు వేసే మాటలు వినే నేను చాలా ఆశపడ్డాను, అందుకే విడివిడిగా చెబుతున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. జిల్లా గజపతి, బోర్డులన్నీ ఒడియాలో, ఇంట్లో మాట తెలుగు. పాతపట్నం వస్తే ఆంధ్రా. ఇరవై ఆరేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మా వీధిలో నడుం నొప్పి లేని ఆడమనిషి కనపడదు. ఒడియా వాళ్లు ‘అంటా బింధా’ అంటారు, మనం నడుం పీకేస్తోంది అంటాం, రాసుకునే బామ్ మాత్రం ఒకటే. అందుకే నాకు నొప్పి వచ్చిందంటే ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా.

తేడా చెప్పు దగ్గర తెలిసింది. 2019 రథయాత్ర రోజు జనంలో నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోయింది. నాకు తెలియనే లేదు. ‘‘అప్పా, నీ చెప్పేదీ?’’ అని వెనక నుంచి ఎవరో అరిస్తే కిందికి చూశాను. ఇంటికొచ్చి చూసుకుంటే బొటనవేలు పైకి లేవడం లేదు. అప్పటికే పది నిమిషాలు నడిస్తే కాళ్లకి రాళ్లు కట్టినట్టు ఉండేది, ఏ అరుగు మీదో ముందుకి వంగి కూర్చుంటే తేరుకునేవి. మిషన్ మీద వంగి కూర్చున్నంతసేపూ హాయిగానే ఉండేది. అందుకని ఇది నడుం జబ్బు కాదు, రక్తం తక్కువై వచ్చిన నీరసం అనుకుని ఐరన్ మాత్రలు మింగాను.

విశాఖలో డాక్టరు ఈ మాటలు విని ఎమ్మారై చూడకముందే సగం చెప్పేశారు. ముందుకి వంగితే నరాలు వెళ్లే దారి కాస్త తెరుచుకుంటుందట, నిటారుగా నిలబడితే ఇరుకవుతుందట. ఎమ్మారైలోనూ అదే. నడుం దగ్గరి పూసల్లో నాలుగోది (ఎల్4) దాని కిందున్న ఐదోదాని (ఎల్5) మీద ముందుకి జారింది. మొదటి గ్రేడే, అంటే జారింది కొంచెమే గానీ నరం బాగా నొక్కుకుపోయింది. యాభై దాటిన ఆడవాళ్లలో ఎక్కువగా ఇదే పూస జారుతుందట. వెంటనే కోస్తామని అనలేదు. మందులు, ఫిజియోథెరపీ, నరం దగ్గర ఒక ఇంజెక్షన్. ఇంజెక్షన్‌తో ఐదు వారాలు బాగుంది, ఆ తర్వాత మళ్లీ మామూలే. బొటనవేలు ఇంకాస్త నీరసించింది. అప్పుడన్నారు ఆపరేషన్ అని.

‘‘బీడీ, సిగరెట్, చుట్ట?’’ అని అడిగారు. లేదన్నాను. అబద్ధం ఆడాలని కాదు. గుడాకు నా లెక్కలో పళ్లపొడి! రోజుకి మూడు నాలుగు సార్లు పళ్లకి రుద్దుకోనిదే నాకు పని సాగదు. పక్కనున్న మా అమ్మాయి బయటపెట్టేసింది. డాక్టరు ఫైలు మూసేశారు. గుడాకు అంటే పొగాకేనమ్మా, పొగాకు ఎముకకి రక్తం సరిగా అందనివ్వదు, ఎముక అతుక్కోకపోతే నేను వేసే స్క్రూలు కొన్నాళ్లకి వదులైపోతాయి, ఆరు వారాలు మానేసి రండి, ఆ తర్వాత కూడా ముట్టుకోకండి అన్నారు. నిజం చెప్పాలంటే మొత్తం కథలో నాకు కష్టమైంది ఆ ఆరు వారాలే. తలనొప్పి, మలబద్ధకం, మావారి మీద ఊరికే కేకలు.

డిసెంబరులో చేశారు. ఇందులో చిన్న కోత అన్నది నిజమే. వీపు మధ్యలో నిలువుగా చీల్చకుండా, వెన్నుకి అటూ ఇటూ మూడేసి సెంటీమీటర్ల గాట్లు. కండని ఎముక నుంచి ఒలిచేయకుండా గొట్టాలు ఒకదాని మీద ఒకటి దింపి పక్కకి జరుపుతారు. ఆ గొట్టంలోంచే పాడైన డిస్క్ తీసేసి, అక్కడ కేజ్ అనే చిన్న దిమ్మ పెడతారు. నరానికి చోటు చేయడానికి కోసిన నా ఎముకనే పొడి చేసి అందులో నింపారు. ఎక్స్‌రే చూసుకుంటూ నాలుగు స్క్రూలు, రెండు రాడ్లు బిగించారు. రక్తం పెద్దగా పోలేదు, ఎక్కించనూ లేదు.

ఆ సాయంత్రం మత్తు వదిలాక నేను మొదట చూసుకున్నది కాలు. నొప్పి లేదు! నెలల తరబడి పిరుదు నుంచి పిక్క పక్కగా పాదం దాకా లాగిన తీగని ఎవరో తెంపేసినట్టుంది. ఏడ్చేశాను. మర్నాడే నిలబెట్టి నాలుగు అడుగులు వేయించారు. నాలుగో రోజు ఇంటికి పొమ్మన్నారు.

డబ్బు సంగతి ఒక్క ముక్క. మేం ఒడిశా వాళ్లం, అప్పటి ఆంధ్రా ఆరోగ్యశ్రీ మాకు రాలేదు. చేతి డబ్బే. మొదట రెండు లక్షల నలభై వేలన్నారు, బిల్లు రెండు తొంభై ఐదు అయింది. కేజ్ ఆ లెక్కలో లేదట. స్క్రూలు, రాడ్లు, కేజ్ అన్నీ కలిపి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి.

ఎవరూ చెప్పనిది తిరుగు ప్రయాణం. విశాఖ నుంచి పర్లాకిమిడికి కారులో. శ్రీకాకుళం దాకా హైవే, పరవాలేదు. అక్కడి నుంచి ప్రతి స్పీడ్ బ్రేకరూ నా వీపు మీదే ఉన్నట్టనిపించింది. ముందు సీటు వెనక్కి వాల్చి, నడుం కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, ముప్పావు గంటకోసారి దిగి నడిచాను. పాతపట్నం దగ్గర ఇక వద్దు, ఇక్కడే ఎవరింట్లోనైనా పడుకుంటానన్నాను. ‘‘ఇంకెంత, ఊరొచ్చేసింది’’ అని మావారు అంటూనే ఉన్నారు. మాలాంటి దూరపు వాళ్లు ఒకటి రెండు రోజులు విశాఖలోనే బంధువుల ఇంట్లో ఉండి బయల్దేరడం మేలు.

అసలు మోసం ఆ తర్వాత. గాట్లు పదిహేను రోజుల్లో మానిపోయాయి. చూడవచ్చిన వాళ్లు ‘‘ఇంతేనా ఆపరేషను’’ అన్నారు, నేనూ నమ్మాను. నెల తిరక్కుండా బియ్యం డబ్బా జరిపాను. ఆ రాత్రి పడ్డ అవస్థ పగవాళ్లకి వద్దు. కోత చిన్నదైనా ఎముక తొందరపడదు. పూసలు రెండూ ఒకటై గట్టిపడడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, పెద్ద కోతకైనా చిన్న కోతకైనా అంతే. వంగొద్దు, బరువెత్తొద్దు, నడుం తిప్పొద్దు, పక్క మీద దుంగలా ఒక్కసారిగా దొర్లాలి అని చెప్పింది అందుకే.

ఫిబ్రవరిలో ఒకసారి చూపించుకుని, ఫిజియోథెరపీ మొదలుపెట్టానో లేదో లాక్‌డౌన్. 2020 మార్చి చివర్లో మూడో నెల ఎక్స్‌రేకి వెళ్లాలి. పాతపట్నం దగ్గర బారికేడ్లు. నడిచి వెళ్లగలిగిన ఊరు పరాయి దేశమైపోయింది. మేడ మీదే పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై నిమిషాలు నడిచాను. మే నెలలో ఇక్కడే ఎక్స్‌రే తీయించి ఫొటో వాట్సాప్‌లో పంపితే, స్క్రూలు కదల్లేదు, కానివ్వండి అని జవాబొచ్చింది. నేను ఐదు మార్కులు కూడా వేయనన్నది ఆ రోజుల్లోనే. కాలు బాగుంది, కానీ నడుం పొద్దున్నే చెక్కలా బిగుసుకుపోయేది. ఏడాదికి తీసిన స్కాన్‌లో ఎముక అతుక్కుందన్నాక గానీ ఆ టెన్షన్ తగ్గలేదు.

ఇప్పటి సంగతి. మూడు నాలుగు కిలోమీటర్లు ఆగకుండా నడుస్తాను. బొటనవేలు లేస్తుంది, పాదం మీద కాస్త తిమ్మిరి మాత్రం మిగిలిపోయింది. తొక్కుడు మిషన్‌కి మోటారు పెట్టించాను, కత్తిరింపు పీట మానేసి నిలబడే ఎత్తులో బల్ల చేయించాను. ముప్పావు గంటకి మించి కూర్చోను. ఇంట్లో కమోడ్ పెట్టించాం. వ్రతాలకి నేల మీద కూర్చోలేను, కుర్చీ వేస్తారు. మొదట్లో సిగ్గేసేది. చలికాలం, వాన ముసురులో నడుం పీకుతుంది, నడుముకి ఆరు మార్కులే వేసింది అందుకే.

ఇంకోటి. కిందటేడు పైన ఎల్3-ఎల్4 దగ్గర అరుగుదల మొదలైందని ఎమ్మారైలో తేలింది. టైటానియం స్క్రూలున్నా ఎమ్మారై తీయొచ్చు, వాటి చుట్టూ కాస్త మసకగా వస్తుందంతే. ఒక కీలు బిగించేస్తే దాని పై కీలు మీద భారం పెరుగుతుందని ముందే చెప్పారు, నేనే సరిగా వినలేదు. ప్రస్తుతానికి వ్యాయామాలతో సరిపెడుతున్నాం. మళ్లీ కోయాల్సి వస్తే ఒప్పుకుంటావా అని మా అమ్మాయి అడిగింది. చెప్పు మళ్లీ జారితే ఒప్పుకుంటానన్నాను, ఊరికే నడుం పీకితే మాత్రం ఒప్పుకోను.

మా ఆడపడుచుకి ఇప్పుడు అచ్చం ఇవే లక్షణాలు. వచ్చే వారం విశాఖ తీసుకెళ్తున్నాను. మడమల మీద నడవమని చూశాను, కుడిపాదం ముందుభాగం కిందికి వాలిపోతోంది. నిన్న వాళ్లింటికి వెళ్లి గుడాకు డబ్బా అడిగితే లేదంది. దేవుడి గూట్లో దొరికింది.