వండిన భోజనమా, బియ్యం సంచీనా? ఇద్దరు షెఫ్‌ల దారులు

విపత్తుల్లో స్పెయిన్‌లో పుట్టిన అమెరికా షెఫ్ హోసే ఆండ్రెస్ దారి వేడి భోజనం. 2020 లాక్‌డౌన్‌లో న్యూయార్క్‌లో ఉంటున్న భారతీయ షెఫ్ వికాస్ ఖన్నా భారత్‌లోని వాళ్లకు ఎక్కువగా పంపింది పొడి సరుకులు.

శ్రమ: వంటకు గ్యాస్, మంచినీళ్లు, మనుషులు రోజూ కావాలి. సరుకులకు ప్యాకింగ్, లారీ చాలు. న్యూయార్క్ నుంచే ఖన్నా పంపిణీ నడిపించగలిగింది అందుకే.

ఖర్చు: పూటకు లెక్కిస్తే వండిన భోజనానికే ఎక్కువ.

ప్రమాదం: అన్నం, పప్పు 60 డిగ్రీల కిందికి చల్లారితే రెండు గంటల్లో తినేయాలి. సరుకులు నిలుస్తాయి, కానీ పొయ్యి మునిగిన ఇంట్లో బియ్యం దేనికి?

రుచి: 2010లో భూకంపం తర్వాత కరీబియన్ దేశం హైతీలో ఆండ్రెస్ నల్ల చిక్కుడు గింజలు వండితే, మెత్తగా మెదిపి వడకట్టాలని అక్కడివాళ్లు నేర్పారు. సరుకులిస్తే ఎవరి వంట వారిదే.

వరద వచ్చిన మొదటి రోజుల్లో వండి పెట్టండి. ఇల్లు నిలిచి కూలి ఆగినప్పుడు సరుకులివ్వండి. నూనె, ఉప్పు, కారం మరవకండి.