హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ (హెపాబిగ్ 100 ఐయూ): మా పాపకి వేయించిన అనుభవం

ముందే చెప్పేస్తున్నా, ఇంజెక్షన్‌కి ఐదుకి ఐదు స్టార్లు. అది దొరికే తీరుకి మాత్రం రెండే ఇస్తా. తల్లికి హెపటైటిస్ బి (లివర్‌కి సోకే వైరస్) పాజిటివ్ ఉండి డెలివరీ దగ్గర పడినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి పూర్తిగా చదవండి, ఎందుకంటే మాకు ఈ విషయాలన్నీ ఒకచోట తెలుగులో చెప్పినవాళ్ళు ఎవరూ లేరు, ముక్కలు ముక్కలుగా ఏరుకున్నాం.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా ఆవిడకి ప్రెగ్నెన్సీలో మామూలుగా రాసే బ్లడ్ టెస్టుల్లో హెచ్‌బీఎస్ఏజీ (ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందో లేదో చెప్పే టెస్ట్) పాజిటివ్ వచ్చింది. తనకి ఏ జబ్బూ లేదు, కామెర్లు ఎప్పుడూ రాలేదు, మనిషి బాగానే ఉంది. ఎప్పుడు సోకిందో ఎవరూ చెప్పలేరు, బహుశా చిన్నప్పుడే అయ్యుంటుంది అన్నారు డాక్టర్ గారు. మన దేశంలో పిల్లలందరికీ ఈ టీకా ప్రభుత్వం తరఫున దేశమంతా ఇవ్వడం మొదలైంది 2011 నుంచే, కాబట్టి మా వయసు వాళ్ళలో చాలామందికి టీకా పడనే లేదు.

భయం ఎక్కడంటే బిడ్డ దగ్గర. పెద్దవాళ్ళకి ఈ వైరస్ కొత్తగా సోకితే నూటికి తొంభై ఐదు మంది దాకా వాళ్ళంతట వాళ్ళే వదిలించుకుంటారు, అదే పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే మాత్రం నూటికి తొంభై మంది పిల్లల్లో జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక లివర్ పాడవడం, క్యాన్సర్ దాకా పోవచ్చు. ఇది విన్న రాత్రి మా ఇంట్లో ఎవరం అన్నం సరిగ్గా తినలేదు. కానీ పుట్టిన పన్నెండు గంటల లోపు ఈ ఇమ్యునోగ్లోబులిన్, దాంతోపాటే హెపటైటిస్ బి వ్యాక్సిన్ మొదటి డోసు పడితే చాలా ఎక్కువ మంది పిల్లలు, నూటికి 85 నుంచి 95 కేసుల్లో, బయటపడతారట.

రెండూ ఎందుకు, ఒకటి చాలదా అని నేనూ అడిగాను. మాకు గోదావరి పక్కన కాబట్టి ఇలా చెప్తే అర్థమవుద్ది. వరద మీదకొచ్చేస్తుంటే పక్క ఊళ్ళ నుంచి మనుషుల్ని తెప్పించి అప్పటికప్పుడు గట్టు వేయించడం ఇమ్యునోగ్లోబులిన్, మన ఊరి వాళ్ళకే గట్టు వేయడం నేర్పడం వ్యాక్సిన్. ఈ ఇంజెక్షన్‌లో ఉండేది రెడీమేడ్ యాంటీబాడీలు, అంటే వైరస్‌ని అడ్డుకునే ప్రోటీన్లు, హెపటైటిస్ బి మీద బాగా యాంటీబాడీలు ఉన్న దాతల ప్లాస్మా నుంచి తీస్తారు, అందుకే ఖరీదు. వేసిన దగ్గర్నుంచే పని మొదలెడతాయి కానీ కొన్ని నెలల్లో కరిగిపోతాయి. ఆ లోపు వ్యాక్సిన్‌తో బిడ్డ ఒంట్లో సొంత యాంటీబాడీలు తయారవ్వాలి. కాబట్టి ఖరీదైన ఇంజెక్షన్ వేయించాం కదా అని టీకాలు వదిలేస్తే పెట్టిన డబ్బు గోదాట్లో పోసినట్టే.

ఇక దొరకడం సంగతి. మేం డెలివరీ బుక్ చేసుకున్న ప్రైవేట్ హాస్పిటల్‌లో ఇది స్టాకు ఉండదన్నారు, "అప్పుడు తెప్పిద్దాం లెండి" అని ఒక మాట అనేసి ఊరుకున్నారు. అర్ధరాత్రి డెలివరీ అయితే ఎవరు తెప్పిస్తారు, ఎక్కడ్నుంచి తెప్పిస్తారు? పన్నెండు గంటలంటే అటూ ఇటూ తిరిగేసరికే అయిపోతాయి. మా వదిన స్టాఫ్ నర్సు, తను ఫోన్‌లో గట్టిగానే చెప్పింది, "డెలివరీ అయ్యాక వెతుక్కుంటావా మరిదీ? ఎనిమిదో నెల దాటకుండా వయల్ కొని హాస్పిటల్ ఫ్రిజ్‌లో పెట్టించు, ఎక్స్‌పైరీ చూసుకో, ఐస్ ప్యాక్ లేకుండా చేతిలో పట్టుకు రావద్దు" అని. ఆ మాట వినబట్టే గట్టెక్కాం. మా ఊరి మెడికల్ షాపుల్లో పేరు చెప్తే రేబిస్ ఇంజెక్షనా అని అడిగారు, ఒకాయనైతే మామూలు హెపటైటిస్ బి వ్యాక్సిన్ తీసి చేతిలో పెట్టి ఇదే అది అన్నాడు. రెండూ వేరు బాబూ! డబ్బా మీద "ఇమ్యునోగ్లోబులిన్" అని ఉందో లేదో చూసి తీసుకోండి. చివరికి రాజమండ్రిలో పెద్ద మెడికల్ ఏజెన్సీలో ఆర్డర్ పెడితే వచ్చింది. భారత్ సీరమ్స్ వాళ్ళ హెపాబిగ్, 100 ఐయూ, అర ఎంఎల్ చిన్న వయల్. ధర వేలల్లోనే ఉంటుంది, వ్యాక్సిన్‌తో పోలిస్తే చాలా ఎక్కువ. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు, అంటే ఫ్రిజ్‌లో పెట్టాలి కానీ పైన ఐస్ అయ్యే అరలో పెట్టకూడదు.

డబ్బులు లేనివాళ్ళు ఆగిపోకండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కంట్రోల్ ప్రోగ్రాం కింద పాజిటివ్ తల్లులకి పుట్టిన బిడ్డలకి ఈ ఇంజెక్షన్ ఉచితంగా ఇవ్వాలని ఉంది. మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో ముందుగానే వెళ్ళి మీ రిపోర్టు చూపించి, స్టాకు ఉందా, మా డెలివరీ టైముకి ఉంటుందా అని అడిగి కనుక్కోండి. మాకు ఈ విషయం ఆలస్యంగా తెలిసింది.

వేసిన రోజు సంగతి పెద్దగా చెప్పడానికి ఏం లేదు, అంత తేలిగ్గా అయిపోయింది. పాప పుట్టగానే ఒంటి మీది రక్తం శుభ్రంగా తుడిచి, ఒక తొడకి ఇమ్యునోగ్లోబులిన్, ఇంకో తొడకి వ్యాక్సిన్ వేశారు. రెండూ ఒకే చోట వేయకూడదు, ఒకే సిరంజిలో అసలు కలపకూడదు. కాసేపు ఏడ్చింది, పాలు తాగి పడుకుంది. జ్వరం రాలేదు, వేసిన చోట కొంచెం ఎర్రగా అయ్యి తగ్గిపోయింది. పాలివ్వొచ్చా అని మా అత్తగారు చాలా భయపడ్డారు, నిస్సందేహంగా ఇవ్వొచ్చన్నారు పిల్లల డాక్టర్.

ఆ తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకి పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి కలిపి ఒకటే) టీకాలు పడ్డాయి, హెపటైటిస్ బి అందులోనే ఉంటుంది. పాపకి తొమ్మిది నెలలు దాటాక టెస్ట్ చేయించాం. ఇంకా ముందే చేయించేద్దాం అని నాకు మనసు పీకింది కానీ ఇంజెక్షన్‌లోని యాంటీబాడీలు ఒంట్లో మిగిలి ఉంటే రిపోర్టు తికమకగా వస్తుందని ఆగమన్నారు. హెచ్‌బీఎస్ఏజీ నెగటివ్, యాంటీబాడీల లెక్క రిపోర్టులో 10 (ఎంఐయూ/ఎంఎల్) దాటితే చాలు అంటారు, మా పాపకి అంతకంటే చాలా ఎక్కువే ఉన్నాయి. ఆ కాగితం చూసి మా ఆవిడ ఎంతసేపు ఏడ్చిందో. అప్పటిదాకా నా వల్ల బిడ్డకేమవుద్దో అని లోపల్లోపల కుమిలిపోయింది పాపం.

ఇంకో మాట కోపంగానే చెప్తున్నా. చుట్టాల్లో కొందరు పసరు పోయిస్తే పోతుంది అన్నారు, ఇంకొందరు తన కంచం గ్లాసు వేరుగా పెట్టమన్నారు. కలిసి తింటే, ముట్టుకుంటే, ఎత్తుకుంటే ఇది అంటుకోదండీ. రక్తం ద్వారా, సెక్స్ ద్వారా, తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. బ్లేడ్లు, టూత్ బ్రష్‌లు మాత్రం ఎవరివి వాళ్ళవే ఉండాలి, రక్తం మరకల్లో ఈ వైరస్ ఒంటి బయట కూడా వారం దాకా బతుకుతుంది. ఇంట్లో మిగతా అందరం టెస్టులు చేయించుకున్నాం, నాకు నెగటివ్, సున్నా, ఒకటి, ఆరు నెలల లెక్కన మూడు డోసులు వేయించుకున్నా. మన హైదరాబాద్ శాంతా బయోటెక్ వాళ్ళు 1997లో శాన్‌వాక్ బి తెచ్చి ఈ టీకా ధర దింపారు కాబట్టి ఇవాళ మనలాంటి వాళ్ళకి అందుబాటులో ఉంది, ఇమ్యునోగ్లోబులిన్‌కి కూడా అలాంటి రోజు రావాలని గట్టిగా కోరుకుంటున్నా.

హాస్పిటల్లో, ల్యాబుల్లో, చెత్త ఎత్తే పనిలో ఉన్నవాళ్ళకి కూడా ఇది అవసరం పడొచ్చు. వాడిన సూది గుచ్చుకుంటే ముందు సబ్బుతో, నీళ్ళతో కడుక్కుని వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. టీకా కోర్సు పూర్తయ్యి యాంటీబాడీలు సరిపడా ఉన్నాయని రిపోర్టు ఉన్నవాళ్ళకి ఈ ఇంజెక్షన్ అక్కర్లేదు. అసలు టీకా లేనివాళ్ళకైతే 24 గంటల లోపు పడితే మంచిది, వారం దాటాక సూది కేసుల్లో పనిచేస్తుందని నమ్మకం లేదు. పెద్దవాళ్ళకి బరువుని బట్టి డోసు కాబట్టి వయల్స్ ఎక్కువ కావాలి, ఖర్చు మా పాపకి అయినదానికి చాలా రెట్లు అవుద్ది. వదిన వాళ్ళ హాస్పిటల్లో కొత్తగా చేరిన స్టాఫ్ అందరికీ టీకా వేయించాకే డ్యూటీ వేస్తారంట, అన్నిచోట్లా అలా ఉంటే ఎంత బాగుండు.

కొనేవాళ్ళకి, వయల్ మీది స్టిక్కర్, బ్యాచ్ నంబర్, వేసిన టైము టీకా కార్డులో రాయించుకోండి. మా పిల్లల డాక్టర్ మొదటి చెకప్‌లో అడిగింది అదే.