నెలనెలా కట్ అయ్యే విరాళం: ఏళ్లుగా ఇస్తున్న ఒక అకౌంటెంట్ రివ్యూ

జీతం పడిన రెండు మూడు రోజుల్లో నా ఖాతాలోంచి మూడు సంస్థలకు విరాళం ఆటోడెబిట్‌లో వెళ్లిపోతుంది. కొవిడ్‌కి ముందు మొదలైన అలవాటు ఇది. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి ట్రస్టుల లెక్కలు లోపలి నుంచి కూడా చూస్తుంటాను. "ఎవరికి ఇవ్వమంటావు? మన డబ్బు నిజంగా చేరుతుందా?" అని చుట్టాలు, ఆఫీసువాళ్లు అడుగుతూనే ఉంటారు. ఇన్నేళ్ల వాడకంలో ఏది పనికొచ్చిందో, ఏది విసిగించిందో వాళ్లందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆటోడెబిట్ సంగతి. పుట్టినరోజుకో, వాట్సాప్‌లో ఏడిపించే ఫొటో వచ్చినప్పుడో ఇచ్చేదానికంటే ఇదే నాకు నచ్చింది. నాకు గుర్తుపెట్టుకునే పని లేదు, వాళ్లకు వచ్చే నెల ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. రూ.15,000 దాకా ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. ఆపాలనిపిస్తే యూపీఐ యాప్‌లో మనమే ఆటోపే రద్దు చేసుకోవచ్చు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

ఆ చివరి సౌకర్యం నాకు బాగా పనికొచ్చింది. ఒక మాల్‌లో ట్యాబ్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడి దగ్గర, పిల్లల చదువు కోసం పనిచేసే ఒక పెద్ద సంస్థకు నెలకు వెయ్యి ఇస్తానని సంతకం పెట్టాను. అప్పట్నుంచి ఫోన్లే ఫోన్లు. "మేడమ్, మీ వెయ్యిని పదిహేను వందలు చేస్తే ఇంకో పాప బడికి వెళ్తుంది." ఏ ఊరి పాప, ఏ బడి అంటే "మా టీమ్ మీకు మెయిల్ పంపుతుంది" అనేవాళ్లు. మెయిల్ వచ్చేది, నిండా నవ్వే పిల్లల ఫొటోలు. నేనడిగినదానికి మాత్రం జవాబు ఉండేది కాదు. సరే అని వాళ్ల వార్షిక నివేదిక దించి చూశాను. ఆదాయ వ్యయాల పట్టికలో "అవగాహన కార్యక్రమాలు" అని ఒక లావాటి పద్దు. వెనక షెడ్యూలు తిప్పితే అందులో సగానికి పైగా విరాళాలు సేకరించిపెట్టే ఏజెన్సీకి కట్టిందే. చట్టం దృష్టిలో తప్పేం కాకపోవచ్చు. కానీ నాకు ఫోన్ చేసి విసిగించడానికి అయ్యే ఖర్చు కూడా నా డబ్బుతోనే పెడుతున్నారన్నమాట. ఆ సాయంత్రమే ఆటోపే తీసేశాను.

ఇది చదివి "చూశావా, జీతాలకూ ఆఫీసులకూ పోయేదే ఎక్కువ" అనేవాళ్లుంటారు. అక్కడ నేను ఒప్పుకోను. జీతం వేరు, విరాళం పట్టుకొచ్చినందుకు కమీషన్ వేరు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రినే తీసుకోండి. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన సంస్థ, మాకు దగ్గర్లో తాడిగడపలో కూడా క్యాంపస్ ఉంది. ఇచ్చుకోగలిగినవాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటారు, ఇచ్చుకోలేనివాళ్లకు ఉచితంగా చూస్తారు. పల్లెల్లో వాళ్ల విజన్ సెంటర్లు ఉంటాయి. అక్కడ కూర్చుని ముసలమ్మల కళ్లు పరీక్షించి, శుక్లం ముదిరితే పెద్దాసుపత్రికి పంపే టెక్నీషియన్ జీతం ఏ పద్దులో రాస్తారు? ఆ మనిషి లేకపోతే అక్కడ సేవే లేదు. విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదని 2020లో చట్టమే మార్చారు, అంతకుముందు 50 శాతం దాకా ఉండేది. అంత కచ్చితంగా గీత గీస్తే, పని తెలిసిన మనుషుల్ని పెట్టుకోవడం చిన్న సంస్థలకే కష్టం. అందుకే "నూటికి నూరు రూపాయలూ పేదలకే" అని బ్యానరు కట్టినచోట నాకు అనుమానం మొదలవుతుంది. కరెంటు బిల్లు, ఆడిట్ ఫీజు ఎవరో ఒకరు కడుతున్నారు కదా, ఆ ఎవరో చెప్పమనండి.

నేను ఇస్తున్న మూడింటిలో నాకు బాగా నచ్చింది గన్నవరం వైపు ఉన్న ఒక చిన్న వృద్ధాశ్రమం. రిటైరైన మాస్టారు ఒకాయన సెక్రటరీ. మొదటిసారి వెళ్లినప్పుడు లెక్కలు చూపించమంటే ముఖం మాడ్చుకోలేదు, లెడ్జరు తెచ్చి బల్ల మీద పెట్టారు. నీలం అట్ట, అంచులు చిరిగిపోయాయి. బియ్యం, మందులు, పాలు, డైపర్లు ఒక్కోదానికి ఒక్కో పేజీ. వ్యాన్ పేజీ మాత్రం ఎర్ర ఇంకుతో నిండిపోయి ఉంది.

"ఈ ఏడాది క్లచ్ ప్లేట్లు, టైర్లు, మళ్లీ క్లచ్ ప్లేట్లు. సిగ్గుగా ఉందమ్మా" అన్నారు.

"వ్యాన్ ఎందుకు మాస్టారూ?"

"డయాలసిస్‌కి ఇద్దర్ని వారానికి మూడుసార్లు తీసుకెళ్లాలి. అన్నదానానికైతే జనం ఎగబడి ఇస్తారమ్మా. పెళ్లిరోజుకు ఒక పూట భోజనం మాదే అంటారు, ఫొటో దిగుతారు. డీజిల్‌కి ఎవరిస్తారు?"

నా విరాళం దేనికైనా వాడుకోండి అని ఆ రోజే రాసిచ్చాను. ఆ వ్యాన్ ఇప్పటికీ తిరుగుతోంది. పోయినేడాది ఆయన పంపిన ఉత్తరంలో, ఫిజియోథెరపిస్టును పెట్టుకుందామనుకుని కుదరలేదని, వచ్చినవాళ్లెవరూ రెండు నెలలకు మించి నిలవలేదని కూడా రాశారు. ఆర్ట్ పేపరు మీద అచ్చయిన రిపోర్టుల్లో ఇలాంటి వాక్యం నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇక 80జి, అంటే విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంతో సెక్షన్ల నంబర్లు, ఫారాల నంబర్లు మారినా, జనం నోట్లో ఉన్నవి పాతవే కాబట్టి వాటితోనే చెబుతాను. దీని మీద ఉన్నన్ని అపోహలు దేని మీదా లేవు. "వంద ఇస్తే యాభై వెనక్కొస్తుంది" అంటారు. రాదు. ఏడాదికి రూ.12,000 ఇచ్చారనుకోండి. 50 శాతం మినహాయింపు ఉన్న సంస్థ అయితే మీ ఆదాయంలోంచి రూ.6,000 తగ్గుతుంది. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే మీకు ఆదా అయ్యే పన్ను రూ.1,200, దాని మీద కాస్త సెస్సు, అంతే. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. కొత్త విధానం ఎంచుకుంటే ఈ మినహాయింపు లేదు. రూ.2,000 దాటిన నగదుకు లేదు, బియ్యం బస్తాలకూ దుప్పట్లకూ అసలే లేదు. సంస్థ ఇచ్చే మామూలు రసీదు కూడా ఇప్పుడు సరిపోదు. వాళ్లు మే 31 లోపు ఫారం 10బీడీలో దాతల వివరాలు దాఖలు చేయాలి, ఆ తర్వాతే మనకు విరాళం ఇచ్చినట్టు 10బీఈ సర్టిఫికెట్ వస్తుంది. ఆలస్యమైతే వాళ్లకు రోజుకు రూ.200 రుసుము. మీ పాన్ నంబరులో ఒక్క అక్షరం తప్పు పడినా రిటర్నులు వేసే జూన్, జూలైలో తలనొప్పి ఖాయం.

నా అనుభవంలో 10బీఈ మంచి గీటురాయి కూడా. టైముకు తప్పుల్లేకుండా పంపే సంస్థలో లెక్కలు చూసుకునే మనిషి ఒకరున్నట్టే. చెక్కు ఇవ్వండి, కొంత కమీషన్ ఉంచుకుని మిగతాది నగదుగా వెనక్కిస్తాం అనే రకాలు కూడా మా ఆఫీసు గుమ్మం తొక్కుతుంటాయి. వాటి పేరుతో మినహాయింపు తీసుకున్నవాళ్లకు నోటీసులు వచ్చాక ఏడ్చి లాభం లేదు.

అన్నదానం మనవాళ్ల రక్తంలోనే ఉంది. డొక్కా సీతమ్మ గారు కోనసీమలోని లంకల గన్నవరంలో వడ్డించే రోజుల్లో పెట్టే మనిషీ తినే మనిషీ ఒకే అరుగు మీద ఉండేవారు, మధ్యలో రసీదు పుస్తకం లేదు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానానికి వచ్చే విరాళాలను డిపాజిట్ చేసి, వడ్డీతో నడుపుతారు. అంత పెద్ద వ్యవస్థకు మూలధనం కింద, అంటే కార్పస్ కింద ఇవ్వడం సబబే. కానీ మా వృద్ధాశ్రమం మాస్టారికి కార్పస్ అని రాసి ఇస్తే ఆయన దాన్ని బ్యాంకులో వేసి వ్యాన్ వైపు చూస్తూ కూర్చోవాలి. చెక్కు వెనక రాసే ఆ ఒక్క ముక్క ముఖ్యం. తిరుమల దేవస్థానం వారి శ్రీవాణి ట్రస్టుకు రూ.10,000 ఇస్తే బ్రేక్ దర్శనానికి అవకాశం దొరుకుతుంది. మా పిన్ని దాన్ని దానం లెక్కలో వేస్తుంది, బాబాయి ప్రయాణ ఖర్చులో రాస్తాడు. నేను మధ్యలో దూరను.

ఆపరేషన్‌కు డబ్బు కావాలంటూ వచ్చే ఫార్వర్డులకు నా దగ్గర ఒకటే పద్ధతి. ఆ జబ్బు తెలంగాణలో అయితే ఆరోగ్యశ్రీలో, ఇక్కడ అయితే ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందేమో ముందు కనుక్కుంటాను. తెలంగాణలో ఆ పథకం కింద ఉచిత వైద్యం పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు కూడా. రాకపోతే ఆసుపత్రి ఖాతాకు, రోగి నంబరు రాసి నేరుగా పంపుతాను. వ్యక్తికి ఇచ్చేదానికి 80జి ఉండదు, పోనీయండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు, నెలనెలా ఇవ్వడం వల్ల లాభమేమిటో కళ్లారా చూశాను. మొదటి రోజుల్లో పులిహోర ప్యాకెట్లు కుప్పలుగా వచ్చాయి. పాత చీరలు మూటలకు మూటలు రోడ్డు పక్కనే తడిసి కుళ్లాయి. నీళ్లు తీశాక ఇళ్లల్లో మోకాలెత్తు బురద, తడిసిన పరుపులు, పనిచేయని గ్యాస్ స్టవ్‌లు, ముద్దయిపోయిన పిల్లల పుస్తకాలు. అప్పటికి ఫొటోలు తీసేవాళ్లు వెళ్లిపోయారు. నేను ఇచ్చే రెండో సంస్థ స్టవ్ మెకానిక్‌ని వెంటబెట్టుకుని వీధివీధీ తిరిగింది. విజ్ఞప్తి చేసి, డబ్బు వచ్చేదాకా ఆగాల్సిన పని వాళ్లకు లేకపోయింది.

విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం ఒక ముక్క. మా బావ డాలస్‌లో ఉంటాడు, అమెరికా పౌరసత్వం వచ్చింది. ఊరి బడి సొసైటీకి డబ్బు పంపుతానంటే వద్దన్నాను. "మన ఊరికి మన డబ్బే కదే!" అన్నాడు. భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారితే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అది విదేశీ విరాళమే అవుతుంది. అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉన్న సంస్థే తీసుకోగలదు, అదీ ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే. ఊరి సొసైటీకి అది లేదు. బావ అలిగి, చివరికి రిజిస్ట్రేషన్ ఉన్న ఒక కంటి ఆసుపత్రికి పంపాడు.

స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో పేరుందా అని కూడా చాలామంది అడుగుతారు. ఉంటే మంచిదే, కానీ అది నమోదు మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు. నేను దానికంటే ఆదాయపు పన్ను శాఖ ఆ సంస్థకు ఇచ్చిన 80జి ఆర్డరు మీద గడువు చూస్తాను. 2021లో మళ్లీ నమోదైన పాత ట్రస్టుల్లో చాలావాటికి అయిదేళ్ల గడువు 2026 మార్చి 31 వరకే ఇచ్చారు. మీరు ఇచ్చే సంస్థ ఆ జాబితాలో ఉంటే కొత్త ఆర్డరు కాపీ అడిగి తెప్పించుకోండి. మాస్టారు మాత్రం నేను అడక్కముందే వాట్సాప్‌లో పంపేశారు, కాస్త వంకరగా స్కాన్ చేసి.