వాల్వ్ ఆపరేషన్ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు పొట్ట సంగతి కూడా అడగండి

మా అమ్మకి గుండెలో మైట్రల్ అనే వాల్వ్ (కవాటం) మార్చారు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళవాతం జ్వరంతో ఆ వాల్వ్ పాడైందట. ఆపరేషన్ బాగానే జరిగింది, మర్నాడు వెంటిలేటర్ తీసేశారు, మాట్లాడింది కూడా. మూడో రోజు నుంచి పొట్ట ఉబ్బడం మొదలైంది. గౌను ముడి అందలేదు, చెయ్యి వేస్తే డప్పులా బిగిసి ఉంది, గ్యాస్ కూడా పోవట్లేదు. సిస్టర్‌కి చెబితే "మంచం మీదే ఉన్నారు కదా, గ్యాసేలెండి" అని ఒక ఇంజెక్షన్ చేసి వెళ్ళిపోయింది. మర్నాడు పచ్చటి వాంతి అయ్యాకే గ్యాస్ట్రో సర్జన్ వచ్చారు, సీటీ తీశారు. పేగుల కదలిక ఆగిపోయిందన్నారు. ముక్కులో గొట్టం వేస్తే సంచీలోకి లీటరు పైగా పచ్చనీళ్ళు వచ్చాయి.

ఆయన చెప్పాకే నాకు అర్థమైంది. గుండెని ఆపి బైపాస్ మెషిన్‌తో రక్తం తిప్పుతున్నప్పుడు (ఇది రక్తనాళాల బైపాస్ ఆపరేషన్ కాదు, మెషిన్ పేరు అది) పేగులకి రక్తం తగ్గవచ్చు, తర్వాత బీపీ నిలబెట్టడానికి ఇచ్చే మందులు కూడా పేగుల రక్తనాళాలని బిగిస్తాయి. 100 మందిలో ఒకరిద్దరికే పొట్టలో పెద్ద ఇబ్బంది వస్తుందట కానీ వస్తే ప్రాణం మీదకి రావచ్చు. కడుపులో రక్తస్రావం కావచ్చు, పాంక్రియాస్ వాయవచ్చు, అన్నిటికన్నా ప్రమాదం పేగుకి రక్తం పూర్తిగా ఆగిపోవడం. మత్తులో ఉన్నవాళ్ళు నొప్పి అని చెప్పలేరు కూడా. కాబట్టి పొట్ట ఉబ్బినా, నొప్పి బాగా ఉన్నా, మోషన్ తారులా నల్లగా వచ్చినా గ్యాస్ అంటే ఊరుకోకండి, సర్జన్ వచ్చి చూసేదాకా అడుగుతూనే ఉండండి.

ఇక బిల్లు. మాకు చెప్పిన ప్యాకేజీలో "కాంప్లికేషన్స్ అదనం" అనే ముక్క చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ఐసీయూలో పెరిగిన ఆరు రోజులు, సీటీ, గ్యాస్ట్రో ఫీజు అన్నీ విడిగా వేశారు. కౌన్సెలింగ్‌లో ఆ మాటే ఎత్తలేదు, నాకు కోపం అక్కడే. ఐసీయూ ఎన్ని రోజుల వరకు ప్యాకేజీలో ఉంది, గ్యాస్ట్రో సర్జన్ రాత్రిపూట కూడా వస్తారా, ఈ రెండూ అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇంటికొచ్చాక కూడా వదలకండి. లోహపు వాల్వ్ కాబట్టి అమ్మకి అసిట్రోమ్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) జీవితాంతం ఉంటుంది, ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్ష) చూపిస్తూ ఉండాలి. మొన్న మోకాలి నొప్పంటే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ ఇచ్చారు. రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం బాగా పెరుగుతుంది. స్ట్రిప్ విప్పకుండానే వెనక్కి ఇచ్చేసి వచ్చాను.