ట్రెయిల్ కెమెరా: పందికొక్కు దగ్గర పాస్, ఫోకస్‌లో మూడు స్టార్లే

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మా చిన్నోడి ఇంటి వెనక పొదల్లో క్వెండాలనే చిన్న జంతువులు తిరుగుతాయంటే, అక్కడికి పోయే ముందు, ఏదైనా కదిలితే తనంతట తనే ఫొటో తీసే ఈ కెమెరా కొన్నాను. పరీక్ష మాత్రం హనుమకొండలో మా పెరట్లోనే. జామచెట్టుకు కట్టి కింద పల్లిపట్టీ ముక్క పెడితే, తెల్లారేసరికి 37 ఫొటోలు, అన్నీ ఒకే పందికొక్కువి! అడుగు దూరంలో మూతి అంతా మసక మసకే. ఫోకస్ మార్చే వీల్లేదు మరి. ఆరడుగులు వెనక్కి కడితే మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు. పెన్సిల్ సెల్స్ ఎనిమిది కావాలి, డబ్బాలో ఒక్కటీ ఇవ్వలేదు. బెల్టు బకిల్ రెండోరోజే ఊడింది.

క్వెండా కూడా ఒక బాండికూటే. బాండికూట్ అనే ఇంగ్లిష్ పేరు పోయింది మన పందికొక్కు అనే మాట నుంచే. కానీ పందికొక్కు ఎలుక జాతి, క్వెండా సంచిలో పిల్లల్ని మోసే జీవి. తవ్వేటప్పుడు మట్టి పడకుండా దాని సంచి నోరు వెనక్కి ఉంటుంది. ఆ సంచి ఈ కెమెరాలో కనపడితే ఇంకో స్టార్ ఇస్తాను.