సిస్కో ఎన్‌ఎస్‌ఓ జావా ప్యాకేజీలు: రెండో కాల్‌బ్యాక్ చేర్చేటప్పుడు ఎలా ఉంటాయి?

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు టెలికాం టీముల్లో కొత్తగా చేరిన మనవాళ్ళకి ముందో వెనకో తగిలే పని ఇది: వీపీఎన్ సర్వీస్ ఉన్న జావా ప్యాకేజీలోనే క్యూఓఎస్ (ట్రాఫిక్‌కి ప్రాధాన్యం ఇచ్చే) సర్వీస్ కూడా పెట్టాలి, అంటే దానికి రెండో కాల్‌బ్యాక్ (ఎన్‌ఎస్‌ఓ పిలిచే జావా మెథడ్) చేర్చాలి. 2014లో టెయిల్-ఎఫ్ కంపెనీ కొనుగోలుతో సిస్కో చేతికొచ్చిన ఎన్‌ఎస్‌ఓ (నెట్‌వర్క్ డివైస్‌ల కాన్ఫిగ్‌ని ఆటోమేట్ చేసే సాఫ్ట్‌వేర్) ఈ పని బాగానే చేస్తుంది. కానీ రెండు జతల పేర్లు మనమే సరిపోల్చుకోవాలి. తేడా వస్తే అది ముందుగా హెచ్చరించదు.

మొదటి జత సర్వీస్‌పాయింట్, అంటే సర్వీస్ మోడల్‌ని జావా కోడ్‌తో కలిపే పేరు. యాంగ్ (సర్వీస్ మోడల్ రాసే భాష) ఫైల్లో రెండో లిస్ట్ రాసి, అందులో ‘యూజెస్ ఎన్‌సీఎస్:సర్వీస్-డేటా’, దాని కింద ‘ఎన్‌సీఎస్:సర్వీస్‌పాయింట్’ పెట్టి ‘క్యూఓఎస్-సర్వీస్‌పాయింట్’ అని పేరివ్వాలి. కొత్త జావా క్లాస్‌లో క్రియేట్ మెథడ్ పైన ఉండే సర్వీస్‌కాల్‌బ్యాక్ యానొటేషన్‌లో అక్షరం పొల్లుపోకుండా అదే పేరు, కాల్‌టైప్‌గా క్రియేట్ రాయాలి. ఒక సర్వీస్‌పాయింట్‌కి ఒకే క్రియేట్ ఉండాలి. పాత క్లాస్ కాపీ చేసి పేరు మార్చడం మరిచిపోతే రెండూ ఒకే చోటికి పోటీపడతాయి.

రెండో జత దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. ‘ప్యాకేజ్-మెటా-డేటా.ఎక్స్‌ఎంఎల్’లో, కాంపొనెంట్ లోపలి కాల్‌బ్యాక్ కింద రెండో ‘జావా-క్లాస్-నేమ్’ చేర్చాలి, ‘కామ్.’ నుంచి మొదలయ్యే పూర్తి పేరుతో. ఇది మరిచిపోయినా మేక్ (బిల్డ్) సాఫీగా అవుతుంది, ప్యాకేజెస్ రీలోడ్ ‘రిజల్ట్ ట్రూ’ అంటుంది, ఆపర్-స్టేటస్ ‘అప్’ చూపిస్తుంది. మెటాడేటాలో లేని క్లాస్‌ని ఎన్‌ఎస్‌ఓ వెతకదు కాబట్టి దాని లెక్కలో అంతా సరిగ్గానే ఉంది. క్యూఓఎస్ ఇన్‌స్టెన్స్ కమిట్ చేసినప్పుడు మాత్రం ‘నో రిజిస్ట్రేషన్ ఫౌండ్ ఫర్ కాల్‌పాయింట్’ అని ఆగిపోతుంది. ఈ మాట కనిపిస్తే జావా లాజిక్ జోలికి పోకండి, ముందు ఈ రెండు జతలూ పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత ‘ఎన్‌సీఎస్-జావా-వీఎం.లాగ్’ తెరవండి.

మెటాడేటా, యాంగ్ మారితే రీలోడ్ తప్పదు. జావా కోడ్ ఒక్కటే మారితే ఆ ప్యాకేజీని రీడిప్లాయ్ చేస్తే చాలు, బోలెడు సమయం మిగులుతుంది.

నిజంగా ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. జావా ప్యాకేజీలన్నీ ఒకే జావా వీఎంలో నడుస్తాయి. ఒక ప్యాకేజీ మెమరీ మింగేస్తే పక్కవన్నీ దెబ్బతింటాయి. పైథాన్‌లో మామూలుగా ప్యాకేజీకో వీఎం ఉంటుంది, ఆ విషయంలో పైథానే నయం. పైగా ఎన్‌ఎస్‌ఓ 6.0 నుంచి ట్రాన్సాక్షన్లు సమాంతరంగా నడుస్తాయి కాబట్టి క్రియేట్‌కి కావలసిన విలువలు క్లాస్ ఫీల్డుల్లో దాచకండి, ఒక కస్టమర్ వీల్యాన్ ఇంకొకరి కాన్ఫిగ్‌లోకి పోతుంది. అన్నీ మెథడ్ లోపలి వేరియబుల్స్‌గానే ఉంచండి.

నావులో (కాన్ఫిగ్‌ని చదివి రాసే జావా ఏపీఐ) క్రియేట్, సెట్ బదులు షేర్డ్‌క్రియేట్, షేర్డ్‌సెట్ వాడాలి. రెండు సర్వీసులూ ఒకే ఇంటర్‌ఫేస్‌ని తాకినప్పుడు రిఫరెన్స్ కౌంట్ (దాన్ని ఎన్ని సర్వీసులు వాడుతున్నాయన్న లెక్క) ఉండేది వాటితోనే. అది లేకపోతే క్యూఓఎస్ తీసేసినప్పుడు వీపీఎన్‌కి కావలసిన ఇంటర్‌ఫేస్ కూడా ఎగిరిపోవచ్చు. కమిట్‌కి ముందు ‘డ్రై-రన్ అవుట్‌ఫార్మాట్ నేటివ్’ చూడటం మానకండి, డివైస్‌కి వెళ్ళబోయే ప్రతి లైనూ అందులో కనిపిస్తుంది.

రెండు సర్వీసులూ ఒకే డేటా పంచుకుంటుంటే జావా ప్యాకేజీ ఒకటే ఉంచడం మంచిది. సంబంధం లేనివైతే విడదీయండి. ప్రొడక్షన్ కాని వాడకానికి ఎన్‌ఎస్‌ఓ సిస్కో డెవ్‌నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. లాప్‌టాప్‌లో నెట్‌సిమ్ (సిమ్యులేటెడ్) డివైస్‌లు రెండు పెట్టుకుంటే పైన చెప్పినవన్నీ చేసి చూడొచ్చు.